మేస్త్రీ చెప్పిన కొలత

లారీల షెడ్డు పక్కన టీ కొట్టులో పెద్ద మేస్త్రీ బల్ల మీద చేరగిలబడి, వాచిన కుడికాలు ఎదురుగా పాత టైరు మీద పెట్టుకున్నాడంటే ఇక కథ మొదలైనట్టే. ఇంజను విప్పి బిగించడంలో ఆయన్ని మించినవాడు ఆ చుట్టుపక్కల లేడు, కోతలు కోయడంలోనూ అంతే. ఆ మధ్యాహ్నం పెయింటర్ కూడా వచ్చి బల్ల చివర కూర్చున్నాడు. లారీలకు రంగులు వేసే పనికి షెడ్డులో చేరి అతను అట్టే కాలం కాలేదు. ఒళ్లో నల్ల కవరు, కవర్లో బీఫ్ లివర్, గుండెల్లో గుబులు.

గుబులుకి కారణం ఉంది. భార్యకి రక్తం తక్కువని ఆస్పత్రిలో ఐరన్ బిళ్లలు ఇచ్చారు. మింగితే వాంతులు. "మా ఆవిడ మరీ నీరసంగా ఉంటోందండీ" అని షెడ్డులో అంటే, "రెండు పూటలా గిన్నెడు బీఫ్ లివర్ పెట్టరా, లేచి పరిగెడుతుంది" అన్నాడు మేస్త్రీ. ఆమె కడుపుతో ఉందన్న సంగతి మాత్రం పెయింటర్ చెప్పలేదు. మూడో నెల నిండేదాకా బయట పెట్టొద్దని అత్తగారి ఆజ్ఞ. అప్పట్నుంచీ ఆ లెక్కనే వండి, దగ్గర కూర్చుని మరీ తినిపించాడు. పాపం ఆ పిల్ల ముక్కు మూసుకుని మింగింది. నిన్నటి నుంచి తల పగిలిపోతోందంటోంది.

ఇవాళ మాంసం కొట్టతను కవరు చేతికిస్తూ, "రోజూ ఎవరికయ్యా ఇంత?" అని అడిగేసరికి పెయింటర్ నోరు జారి నిజం చెప్పేశాడు. కొట్టతని మొహం మారిపోయింది.

"అయ్యో, మా ఆవిడ కడుపుతో ఉన్నప్పుడు దీని జోలికి పోవద్దన్నారే డాక్టరమ్మ! ఇందులో విటమిన్ 'ఎ' మరీ ఎక్కువట. మనబోటి వాళ్లం ఎప్పుడైనా కాస్త తింటే రక్తానికీ కళ్లకీ మంచిదే. లోపలున్న బిడ్డకి మాత్రం చెరుపు చేస్తుందట. ఎందుకైనా మంచిది, అడిగి చూడు."

డాక్టరమ్మ సాయంత్రానికి గానీ రాదు. అప్పటిదాకా ఇంట్లో భార్య మొహం చూస్తూ కూర్చునే ధైర్యం పెయింటర్‌కి లేదు. అదేం కాదురా అని మేస్త్రీ ఒక్క మాటంటే చాలని ఇటొచ్చాడు.

"మేస్త్రీ గారూ, లివర్ తింటే... ఏమీ కాదు కదండీ?"

"ఏమీ కాకపోవడమేంట్రా! ఏమైందో నన్నడుగు!" మేస్త్రీ గ్లాసు కింద పెట్టాడు. "అప్పట్లో నేను ఇదిగో ఈ పుల్లలా ఉండేవాణ్ణి, లారీ కింద దూరి లేస్తే కళ్లు తిరిగేవి. మీ పిన్ని ఒకరోజు లివర్ వేపుడు చేసింది, తిన్నాను, పడుకున్నాను, అంతే. తెల్లారి షెడ్డుకొస్తే తుప్పు పట్టిన నట్టొకటి, నలుగురు పట్టినా కదలట్లేదు, నేను స్పానర్ పెట్టి అలా అన్నానో లేదో ఊడొచ్చింది."

"ఇది నమ్మొచ్చు" అన్నాడు పక్కనే ఉన్న షెడ్డు వెల్డర్, టీలో బిస్కట్ ముంచుతూ.

"నమ్మక చస్తావా? విను. మర్నాడూ తిన్నాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఏ స్పానర్ పట్టుకున్నా వంగిపోవడమే! ఓనరు గారొచ్చి శెభాష్ అని చెయ్యి కలిపితే ఆ చెయ్యి నెల్లాళ్లు కట్టుతో మెడకి వేలాడింది, పాపం అన్నం కూడా ఎడమచేత్తోనే."

అందరూ గొల్లుమన్నారు. పెయింటర్‌కి నవ్వు రాలేదు. "ఎంత తినేవారండీ?" అన్నాడు.

"ఎంతేంట్రా, పొద్దున బేసిన్, సాయంత్రం బేసిన్!"

పెయింటర్ ఒళ్లోని కవరు వైపు చూశాడు. అప్పుడు షెడ్డులో తనకి చెప్పింది గిన్నె. ఇప్పుడది బేసిన్ ఎలా అయింది?

"ఇక కళ్ల సంగతి చెప్తా" అని మేస్త్రీ అందుకున్నాడు. "ఇంజను విప్పక్కర్లేదు, పైనుంచి చూస్తే లోపల పిస్టన్ కనపడేది. కరెంటు పోతే అందరూ నా చుట్టూ మూగేవాళ్లు, నా చూపు వెలుగులో పని చేసుకోవడానికి. ఒకసారి సైకిల్ మీద చీకట్లో ఇంటికెళ్తున్నానా, ఎదురుగా వస్తున్న లారీవాడు డిప్పర్ కొట్టి, దిగొచ్చి మరీ తిట్టాడు, కళ్లు కాస్త దించుకుని నడపవయ్యా అని!"

"లైసెన్సు అడగలేదా, కళ్లకి?" అంది టీ కొట్టు అక్క.

"నువ్వు నవ్వు అక్కా. ఒంట్లో ఐరన్ ఎక్కువై నేను పడ్డ బాధ నీకేం తెలుసు? విడిభాగాల కొట్టు ముందు నడిస్తే మేకులన్నీ లేచొచ్చి వీపుకి అతుక్కునేవి. ఇంటికెళ్లి మీ పిన్ని చేత పీకించుకునేవాణ్ణి. ఈ వెల్డర్ గురువు ఉండేవాడే, ఆయన ఎర్త్ క్లిప్పు నా చెవికి తగిలించి ఛాసిస్ మొత్తం అతికేశాడు. రక్తం ఇద్దామని ఆస్పత్రికెళ్తే సీసాలు నిండాయి, బకెట్లు నిండాయి, చివరికి మేడ మీద నీళ్ల ట్యాంకు కడగమన్నారు!"

'ఒంట్లో ఎక్కువై' అన్న ముక్క దగ్గరే పెయింటర్ ఆగిపోయాడు. మిగతాదేదీ చెవికెక్కలేదు. ఎక్కువైతే బాధేనన్నమాట. గిన్నె పట్టుకుని భార్య ముందు కూర్చున్న తనే కళ్ల ముందు మెదిలాడు. "ఇంకొక్క ముక్క, బిడ్డ కోసం" అని బతిమాలింది తనే. ఇంక అడక్కుండా ఉండలేడు గానీ సూటిగా అడిగితే ఈయన ఇంకో ట్యాంకు నింపుతాడు. ఈయన అబద్ధమాడనిది ఒక్క ఇంజను గురించే.

"మేస్త్రీ గారూ, ఇంజన్లో ఆయిల్ గేజు గీత దాటి పోస్తే ఏమవుతుందండీ?"

మేస్త్రీ గొంతు ఠక్కున మారింది. "పొయ్యకూడదు. సీళ్లు తన్నేస్తాయి, పొగ కక్కుతుంది. ఆయిల్ మంచిదే కదా అని పోస్తే ఇంజనే పోతుంది. గీత అంటే గీతే."

"మరి లివర్‌కి గీతెక్కడండీ?"

మేస్త్రీ చూపు టైరు మీదున్న కాలి మీదికి పోయింది.

"ఆ కాలిని అడుగు, చెప్తుంది" అంది అక్క. "చక్రం పడిందని అందరికీ చెప్తాడు. గౌట్ అనే కీళ్లవాతమట. లివరూ గివరూ ముట్టుకుంటే నడవలేవని డాక్టరు తిట్టి పంపించాడని పిన్నే చెప్పింది."

వెల్డర్ నవ్వబోయి పెయింటర్ మొహం చూసి ఆగిపోయాడు. పెయింటర్ కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి.

"మా ఆవిడ కడుపుతో ఉందండీ" అన్నాడు. "మీరు చెప్పినట్టే పెట్టాను. రెండు పూటలా, గిన్నెడు. తలనొప్పంటోంది. బిడ్డకి చెరుపని ఇప్పుడు తెలిసింది. మీరు నిజంగా ఎంత తిన్నారో చెప్పండి, మీ కాళ్లు పట్టుకుంటాను."

మేస్త్రీ మొహంలో నెత్తురు చుక్క లేదు. వాచిన కాలు టైరు మీంచి దించి నేల మీద పెట్టాడు.

"ఒక్కసారిరా. రెండు ముక్కలు. వాసన పడక మూడోది పిల్లికి పడేశాను." చెప్పులో కాలు దూర్చబోయాడు, వాపుకి పట్టలేదు. "నేను చెప్పేదాంట్లో పదో వంతు కూడా ఎవరూ నమ్మరు కదరా! షెడ్డులో పురుగుక్కూడా తెలుసు ఆ సంగతి."

"నేను కొత్త కదండీ" అన్నాడు పెయింటర్. "నాకెవరూ చెప్పలేదు."

మేస్త్రీ ఇక చెప్పు కోసం చూడలేదు. "పదరా, మీ ఆవిణ్ణి ఎక్కించుకుని పెద్దాస్పత్రికి పోదాం" అంటూ ఒంటి చెప్పుతో రోడ్డెక్కి, కుంటుకుంటూ ఆటో కోసం చెయ్యెత్తాడు.