నెలకొక దరువు

తైనాన్‌లో హాంగ్ మాస్టారి ఇల్లు, సాయంత్రం అయిదు గంటలు. ఆయన కంప్యూటరు ముందున్నారు. పార్కులో పొద్దుటిపూట ఆయన వేసే పాటలకి ఆడే ఆడవాళ్ల డాన్సు జట్టును నడిపే యు-లాన్ గుమ్మంలో చెప్పులు విప్పి, పిలవకుండానే లోపలికి వచ్చి కూర్చుంది.

"ఏప్రిల్ పదకొండు, మాస్టారూ. గుర్తుందా? డాన్సు అయ్యాక అందరం కలిసి చేపగంజి తిన్నాం."

"తేదీ గుర్తులేదక్కా. గంజి గుర్తుంది. అల్లం ఎక్కువైంది."

"ఆ గంజి తాగుతుంటేనే కొట్టు రేడియోలో మన మూడో పాట వచ్చింది. బల్ల కింద కాలు ఆడించాను. కాలు అందుకోలేదు."

"రేడియోవాళ్లు... కొంచెం వేగంగా వేస్తారేమో."

"రేడియోవాళ్లు వేగంగా వేస్తారా?"

"ప్రకటనలకి టైము మిగలాలి కదా."

"మాస్టారూ, కాలేజీలో ముప్పై ఏళ్లు రసాయనశాస్త్రం చెప్పారు. అబద్ధమాడ్డం మాత్రం ఎవరూ నేర్పలేదా మీకు?"

"టీ తాగుతారా అక్కా?"

"టీ తర్వాత. మన డాన్సుకి పాటలెన్ని?"

"తొమ్మిది. ఎప్పుడూ తొమ్మిదే."

"మూడేళ్ల కిందట ఆ తొమ్మిదీ నలభై నిమిషాల్లో అయిపోయేవి. ఇప్పుడు యాభై అయిదు. మన జట్టులో అ-ఛిన్ మనవరాలు రోజూ బడికి ఆలస్యం. ఎందుకమ్మా అని టీచరు అడిగితే 'మా నానమ్మ పాట అవలేదు' అందట. నవ్వకండి!"

"నవ్వలేదక్కా."

"ఆ తెర ఇటు తిప్పండి. అక్కడ అంకె ఎంతుంది?"

"అది... అది వేరే లెక్క."

"చదవండి."

"తొంభై రెండు."

"తొంభై రెండేమిటి?"

"దరువులు. నిమిషానికి."

"అసలు పాటకెన్ని?"

"నూట ఇరవై ఎనిమిది."

"అమ్మ బాబోయ్! ఇంత కిందికి దించేశారా?"

"నెలకొక దరువు చొప్పున. ఒక్కటి తగ్గితే కాలికి తెలియదక్కా. పాటను ఊరికే నెమ్మది చేస్తే గొంతు బొంగురుపోతుంది. ఇదిగో, ఈ గడిలో టిక్కు పెడితే గొంతు మారదు."

"ఒకరోజు ఆ గాయనమ్మ మగగొంతుతో పాడింది. స్పీకరు వానలో తడిసిందన్నారు."

"ఆ రోజు టిక్కు పెట్టడం మరిచిపోయాను."

"జనవరి మాస్టారూ! చినుకు లేదు."

"తప్పయింది. క్షమించండి."

"క్షమాపణ ఎవరికి కావాలి? నాకు వేగం కావాలి. ఆదివారం పోటీ. పాట పోటీవాళ్లే వేస్తారు, అసలు వేగంతో. ఇంకా నాలుగు పొద్దులున్నాయి. రేపటికి నూట ఇరవై ఎనిమిది పెట్టండి."

"కుదరదు."

"ఏమన్నారు?"

"ఒక్కసారిగా ముప్పై ఆరు దరువులు పెంచితే పడిపోతారక్కా. అందరికీ అరవై దాటాయి. మీకు డెబ్బై రెండు. మోకాళ్లు..."

"నా మోకాళ్ల సంగతి నా మోకాళ్లు చూసుకుంటాయి. పడితే పడతాం, లేస్తాం. స్టేషను వెనక జట్టు మనకేం పేరు పెట్టిందో తెలుసా? జోలపాట జట్టు! ఆవలిస్తున్నట్టు నోళ్లు తెరిచి చూపించి మరీ అంటున్నారు."

"అననివ్వండి. ఎవరికీ దెబ్బ తగలకుండా ఉంటే చాలు."

"ఎవరడిగారు మిమ్మల్ని? మాలో ఒక్కరైనా నెమ్మది చెయ్యమన్నామా?"

"లేదు."

"మరి?"

"టీ పెడతాను, ఉండండి."

"కూర్చోండి. ఎవరికోసం మొదలుపెట్టారు?"

"మీకు తెలుసుగా."

"మీరు చెప్పండి."

"మేయ్-చూ కోసం. మూడో పాటలో గిర్రున తిరిగే చోట ఆయాసపడేది. మా ఆవిడ సంగతి మీకు తెలియనిదేముంది, వరసలోంచి తప్పుకుని బెంచీ మీద కూర్చోమంటే ప్రాణం పోయినంత పని. అందుకని తనకి కూడా చెప్పకుండా, నెలకొకటి. ఆ ఏడాదంతా ఒక్క అడుగు వెనకబడలేదక్కా. చివరి నెల దాకా రెండో వరసలోనే ఆడింది."

"నా పక్కనే ఆడింది."

"తనకి అనుమానం రాలేదు. అదొక్కటే నాకు..."

"అప్పటికి అంకె ఎంతకొచ్చింది?"

"నూట పదహారు."

"మేయ్-చూ పోయి రెండేళ్లు. అక్కడ ఆపొచ్చుగా?"

"ఒకటో తేదీ రాగానే చెయ్యి దానంతటదే వెళ్తుంది. ఇంకొక్కటి తగ్గిస్తే తను ఇంకా అందుకోగలదు అనిపిస్తుంది. పిచ్చి. నాకూ తెలుసు."

"పిచ్చే."

"ఇప్పుడు పెంచితే తను వెనకబడిపోతుందక్కా."

"మేయ్-చూయా? వెనకబడ్డమా? తనకి అనుమానం రాలేదని మీరు నిజంగా అనుకుంటున్నారా? మీరు కుర్చీలోనే కునుకు తీస్తుంటే ఆ కంప్యూటరు రోజూ ఎవరు కట్టేసేవారు?"

"తనే."

"మొదటి నెలలోనే పట్టేసింది. ఆ తిరిగే చోటే నా చెయ్యి పట్టుకుని చెప్పింది."

"ఏమని?"

"'మా ఆయన పాట నెమ్మది చేస్తున్నాడు, నాకు తెలిసిపోయిందని ఆయనకి ఎవరూ చెప్పకండి' అని. పద్దెనిమిది మందిమీ ఒట్టేశాం."

"పద్దెనిమిది మందీనా?"

"పద్దెనిమిది మందీ. ఆస్పత్రిలో చేరేముందు నాతో ఇంకో మాట అంది. 'నేను పోయాక కూడా ఈయన తగ్గిస్తూనే ఉంటాడక్కా. ఒక ఏడాది ఊరుకో. తర్వాత ఇంటికెళ్లి గొడవ పెట్టుకో' అంది. తను ఏడాదంది, నాకు మనసొప్పక రెండేళ్లు ఊరుకున్నాను. ఇప్పుడా అంకె మీరు మారుస్తారా, నన్ను గొడవ మొదలుపెట్టమంటారా?"