నిడమనూరు పశువుల దవాఖానకు తిరిగివచ్చిన ప్రమీల గారు

1991 ఆగస్టు 12వ తేదీన పెన్‌పహాడ్ పశువైద్యశాలలో సహాయకురాలిగా విధుల్లో చేరిన శ్రీమతి ప్రమీల గారు, ఈ నెలాఖరున కోదాడ కార్యాలయం నుండి పదవీ విరమణ చేస్తున్నారు. ఈ శుభ సందర్భంలో వారిని అభినందిస్తూ వ్రాసే భాగ్యం నాకు దక్కింది. ఇందరు సీనియర్లు ఉండగా మిత్రులు నన్నే వ్రాయమనడానికి ఒక కారణం ఉంది. ఒకప్పుడు వారిని ఉద్యోగం నుండి తొలగించినప్పుడు, ఆ స్థానంలో తాత్కాలికంగా నియమించినది నన్నే.

వ్యవసాయ కూలీ మట్టయ్య గారి కుమార్తెగా జన్మించి, స్వశక్తితో చదివి ఉద్యోగం సంపాదించిన ప్రమీల గారిని మొదట్లో రైతులు సందేహంగా చూశారట. ఆడమనిషి ఎద్దుకు సూది ఎట్లా వేస్తుందన్నది వారి అనుమానం. పెన్‌పహాడ్‌లో, పిదప పాలకీడులో, అటుపై నిడమనూరులో, గొర్రెల మందలు ఎక్కడ దిగితే అక్కడికే వెళ్ళి టీకాలు వేసిన వారి శ్రద్ధ ఆ అనుమానాన్ని తొలగించింది. మా మామగారు అంజయ్య గారు నేటికీ వారిని ‘సూది ప్రమీలమ్మ’ అనే అంటారు.

చాలా ఏళ్ళ క్రితం, ఖాళీల భర్తీ కోసం, ఉద్యోగ భద్రత కోసం ప్రభుత్వోద్యోగులు సామూహికంగా సమ్మెకు దిగారు. గడువులోగా చేరనివారిని తొలగిస్తామన్న హెచ్చరికకు లొంగక, సహచరుల పక్షాన నిలిచిన ప్రమీల గారు ఉద్యోగం కోల్పోయారు. దాదాపు ఏడాది పాటు మిర్యాలగూడలో ఒక పశువుల మందుల దుకాణంలో పనిచేశారు. భర్త జీవన్ గారి కుట్టుపనీ, ఈ చిన్న కొలువూ ఆ ఇంటిని నడిపాయి. బంధువుల పరామర్శలు భరించలేక ఆ రోజుల్లో శుభకార్యాలకు వెళ్ళడం కూడా మానుకున్నామని జీవన్ గారు నాతో అన్నారు.

ఒక మధ్యాహ్నం ఆయనే దుకాణానికి ఫోన్ చేశారు.

“సర్కారు దిగొచ్చింది. నిన్ను మళ్ళ పనిలకు తీసుకుంటున్నరంట.”

“నన్నొక్కదాన్నేనా?”

“లే, అందర్ని.”

అప్పుడు గాని ఆమె స్టూలు మీద కూలబడి ఏడవలేదు. మందు కోసం నిలబడ్డ రైతు కంగారుపడి “ఏమైంది మేడం?” అని అడిగితే, “ఏం కాలే అన్నా, నా నౌకరి నాకొచ్చింది” అన్నారట.

వారు నిడమనూరులో తిరిగి చేరిన ఉదయం నేను ఎన్నటికీ మరువలేనిది. ప్రమీల గారు లోపలికి రాగానే నేను కుర్చీలోంచి లేచి, సంచి సర్దుకున్నాను.

“ఎటు పోతున్నవ్ బిడ్డా?”

“మీరు వచ్చిండ్రు గద మేడం. నా పని ఖతం.”

“బయట గొర్లు నిలబడ్డయ్. జర పట్టు, నేను సూదులేస్త. మిగతా సంగతి తర్వాత సూద్దాం.”

గొర్రెలన్నీ వెళ్ళిపోయాక తన టిఫిన్ డబ్బాలోని అన్నం ఇద్దరికీ పంచి, మా ఇంటి సంగతులు అడిగారు. పసిబిడ్డను అత్తమ్మ దగ్గర విడిచి వస్తున్నాననీ, ఇంట్లో నెలజీతం నాదొక్కటేననీ చెప్పాను. “పని పోతే ఇంట్ల ఎట్లుంటదో నాకెరికే” అన్నారు.

ఆ ఆదివారం సూర్యాపేటలో ఉద్యోగుల విజయోత్సవ సభ జరిగింది. మా వంటి తాత్కాలిక సిబ్బందిని కూడా కొనసాగించమని ప్రభుత్వాన్ని కోరదామని ప్రమీల గారు ప్రతిపాదించగా, సంఘం అధ్యక్షులు యాదయ్య గారు అంగీకరించలేదు.

“మనం రోడ్డు మీదుంటే వాళ్ళు మన కుర్చీలల్ల కూసున్నరు. వాళ్ళ కోసం మనమెందుకు అడగాలె?”

“మన కడుపు కొట్టింది ఈ పిల్లలు కాదు సార్. పిలిస్తె వచ్చిండ్రు. పనిలేనోళ్ళు రాక ఏం జేస్తరు? మనం పడ్డ బాధ ఇంకొకలకు పెట్టొద్దు.”

యాదయ్య గారు మైకు ఆమె చేతికందించి, “సరే అమ్మా, నువ్వు ముందుండి అడుగు. మేం ఎనక ఉంటం” అన్నారు. కొన్ని వారాల పాటు అధికారుల చుట్టూ తిరిగిన తరువాత, మమ్మల్ని ఖాళీగా ఉన్న కేంద్రాలలో సర్దుబాటు చేశారు. నాకు పాలకీడు దొరికింది. పిమ్మట ఎంపిక పరీక్షలో ఉత్తీర్ణురాలినై శాశ్వత ఉద్యోగం పొందాను.

తర్వాత ఇద్దరం బదిలీపై చేరిన కోదాడలో కలిసి పనిచేసిన కాలంలో, టీకాల పెట్టెలో ఐసు కరిగితే వారి నోట చీవాట్లు తిననివారు మాలో లేరు. చీవాట్లు పెట్టిన గంటకే టీ తెప్పించేవారు. తొలగింపు కాలాన్ని కూడా సర్వీసుగా పరిగణించారని తెలిసిన నాడు మాత్రం, టీతో పాటు ఆఫీసంతటికీ మిర్చిబజ్జీలు తెప్పించారు.

ప్రమీల మేడం, ఒకసారి ఈ ఉద్యోగాన్ని మీ నుండి లాక్కున్నారు. ఈసారి సేవాకాలాన్ని సంపూర్ణంగా ముగించి, అందరి నమస్కారాలు అందుకుంటూ మీరే సెలవు తీసుకుంటున్నారు. మా అందరికీ అదే పెద్ద ఊరట. జీవన్ గారితోనూ, కుమార్తె దీవెనతోనూ మీరు ఆయురారోగ్యాలతో చిరకాలం జీవించాలనీ, మా బిడ్డ పెళ్ళికి వచ్చి మీ చేతులతో అక్షతలు వేయాలనీ మనసారా కోరుకుంటున్నాను.

— స్రవంతి, పశువైద్య సహాయకురాలు, కోదాడ