టీవీలో గొడుగాయన, మా వదిన గొడుగాయన

టీవీ వాళ్ళ అమ్మాయివి నువ్వేనా? రా తల్లీ, రా. ఆ కుర్చీ వద్దు, దానికో కాలు పొట్టి, మొన్న మా మనవడి స్నేహితుడు కూర్చుని పల్టీ కొట్టాడు. ఇటు మంచం మీద కూర్చో. టీ పెట్టాను, తాగు. వద్దనకు, ఎదుటి మనిషి ఖాళీ చేతులతో కూర్చుంటే నాకు మాట సాగదు. ఊఁ, ఏమిటీ, మా వీధి నుంచి మీ ఆఫీసుకి అన్ని ఫోన్లు ఎందుకొచ్చాయో కనుక్కురమ్మన్నారా? వస్తాయి మరి. ఈ వీధిలో సగం మంది పాత కుట్టు హాల్లో పనిచేసినవాళ్ళమే. గొడుగాయన కథలు విని పెరిగినవాళ్ళం. దొంగల్ని పట్టే ఆ డిటెక్టివుకి పుస్తకంలో అసలు పేరేదో ఉంది, మాకు నోరు తిరగదు. ఎండైనా వానైనా చేతిలో గొడుగుంటుంది కాబట్టి గొడుగాయన. ఇప్పుడు మీరేమో ఆయన్ని ఈ కాలంలోకి తెచ్చామని గొడుగు పీకేసి, చెవిలో వైర్లు పెట్టారు. మా ఇస్త్రీ ముసలాయన మొదటి వారమే లేచిపోయాడు. "ఎవడెక్కడున్నాడో ఫోనే చెప్పేస్తుంటే మధ్యలో వీడెందుకయ్యా, దండగ" అని. కటింగ్ మాస్టరైతే కథ చూడనే చూడడు. "ఆ కోటు ఎవడు కత్తిరించాడు? భుజం కుట్టు మోచేతికి జారింది. తన కోటు సంగతే కనిపెట్టలేనివాడు దొంగనేం కనిపెడతాడు?" అంటాడు. మేమంతా అంతేనమ్మా, టీవీలో ఎవరైనా ఏడుస్తుంటే ముందు కాలరు చూస్తాం, ఆ తర్వాతే కన్నీళ్ళు. పక్కింటి కోడలికి మాత్రం మీవాడు తెగ నచ్చాడు. "పిన్నిగారూ, ఆ జుట్టు చూశారా" అంటుంది. పోయిన వస్తువేదో అడుగు, చెప్పలేదు. సరే, అవన్నీ ముచ్చటకి అనుకునే మాటలు. వాటికి ఫోన్లెవరు చేస్తారు? పోయిన వారం ఆ పనిపిల్లని పోలీసులు బండెక్కించారు చూడు, అదీ అసలు సంగతి. వీధి వీధంతా భగ్గుమంది. "కథ మార్చేశారు! పుస్తకంలో ఆ పిల్ల దొంగ కాదు! గొడుగాయన విడిపిస్తాడు!" అని. ఆఖరి భాగం ఇవాళ సాయంత్రమేగా? విడిపిస్తాడా మరి? ...లేదూ? ...పుస్తకంలో ఉన్నది ఉన్నట్టే తీశారా? ఆ పుస్తకం సంచిలోంచి తియ్యక్కర్లేదమ్మా, నాకు తెలుసు. ఈ వీధిలో తెలిసిన ఒకే ఒక్కదాన్ని నేను. ఎలా తెలుసంటే, మా వదిన చెప్పాలి.

మా వదినంటే మా ఆయన అక్క. పోయి చాలా కాలమైంది. నాకొక్కదానికే కాదు, హాలు హాలంతటికీ ఆవిడ వదినే. ముసలాళ్ళు కూడా వదినా అనే పిలిచేవాళ్ళు, పిలిచి తిట్లు తినేవాళ్ళు. హాలంటే ఏముంది, కింద బట్టల గోదాము, పైన మేము. కిటికీల పక్కన వరసగా మిషన్లు, నడుమ కత్తిరింపు బల్ల, గుమ్మం దగ్గర ఇస్త్రీ. పొద్దున్నంతా మిషన్ల మోతకి పక్కవాడి మాట వినపడదు. భోజనాలయ్యాక మిషన్లు ఆపేసి చేతిపని: కాజాలు, గుండీలు, అంచులు మడిచి కుట్టడం. అప్పుడు నిద్ర ముంచుకొస్తుంది చూడు, సూది బట్టలోకి పోయేది వేల్లోకి పోతుంది. అందుకని ఒక పద్ధతి పెట్టుకున్నాం. ఒకరు చదవాలి, మిగతావాళ్ళు కుట్టాలి. చదివే మనిషి వాటా పని తలా కాస్త పంచుకోవాలి. ఆ చదివే కుర్చీ మా వదినది. ఇంకెవరు కూర్చున్నా సాగలేదు. ఇస్త్రీ ఆయన ఒకసారి కూర్చుని, శవం దొరికిన చోటా పెళ్ళిచూపుల చోటా ఒకే గొంతుతో చదివాడు, దింపేశారు. మా వదిన చదివితేనా, దొరసాని వస్తే దొరసాని, పోలీసు వస్తే పోలీసు, కుక్క వస్తే కుక్క. తలుపు కిర్రుమన్నదని చదివితే అందరం గుమ్మం వైపు చూసేవాళ్ళం. ఇంట్లో మాత్రం నన్ను కాల్చుకు తినేది, అది వేరే సంగతి. అన్నం పెట్టినా ఉపన్యాసమే, గిన్నెలు తోమినా ఉపన్యాసమే. "ఏమే మరదలా, లోకంలో గిన్నెలు తోమేవాళ్ళంతా ఒక్కరోజు చేతులు ముడుచుకుంటే ఏమవుతుందో తెలుసా?" అనేది. "తెలుసు వదినా, మర్నాడు రెండు రోజులవి తోమాలి" అనేదాన్ని. మూతి ముడుచుకునేది. ఎక్కడెక్కడి కరపత్రాలో తెచ్చి చదివేది, ఆ మాటలు పప్పులో ఉప్పులా అన్నింట్లో వేసేది. నేను నవ్వేదాన్ని గానీ, అమ్మాయ్, ఆవిడ వాటిని నిజంగానే నమ్మింది.

ఏమంటున్నాను? ఆఁ, దొంగతనం. మా హాల్లో ఊడ్చే అక్క ఒకావిడ ఉండేది. ఇప్పటికీ ఉందిలే, కింద వాటాలో ఉంటుంది. నోట్లో నాలుక లేని మనిషి. మేం కత్తిరించిన పీలికలన్నీ ఊడ్చి, స్టోరు గది కూడా తుడిచేది. ఒకరోజు స్టోర్లో లేసు కట్ట ఒకటి కనపడలేదు. పెళ్ళికూతురి గౌనుకి తెప్పించిన మంచి లేసు. మా సూపర్వైజరు ఉన్నాడే, నడుముకి తాళాల గుత్తి కట్టుకుని నడిస్తే గుర్రబ్బండి వచ్చినట్టు ఉండేది, ఆయన ఒక్క క్షణం ఆలోచించలేదు. "గదిలోకి ఊడవడానికి వెళ్ళేది ఈవిడే, ఇంకెవరు తీస్తారు?" ఆ అక్క చీపురు అలా పట్టుకుని నిలబడిపోయింది. యజమాని పై మెట్టు మీంచే, మర్నాటి నుంచి రావద్దన్నాడు. ఆ రోజుల్లో దొంగ అనిపించుకుని బయటికి పోతే ఇంకో హాల్లో గడప తొక్కనిస్తారా? ఆవిడకి చూస్తే ఇద్దరు పసిపిల్లలు, వెనకాల ఎవరూ లేరు. మేమంతా తలలు వంచుకుని కుట్టుకుంటున్నాం. ఏం చెయ్యాలో తోచలేదు ఎవరికీ. అక్క దణ్ణం పెట్టి, సాయంత్రం దాకా ఉండి ఆ రోజు పని పూర్తి చేసి పోతానంది. అంత మంచితనం కూడా ఉండకూడదమ్మా మనిషికి.

ఇక విను. అదే రోజు మధ్యాహ్నం గొడుగాయన పుస్తకంలో ఆఖరి అధ్యాయం చదవాలి. మీరు తీసిన ఆ కథే, పెద్ద ఇంట్లో హారం పోయిన కథ. మా వదిన ఏది చదవాలన్నా ఇంటి దగ్గర ఒకసారి ముందే చూసుకునేది, గొంతులు సరిచేసుకోవడానికి. అంతకు ముందు సాయంత్రం నేను పక్కనే కూర్చుని బియ్యం ఏరుతున్నాను. పుస్తకం ఠపీమని మూసేసింది. "వీడి మొహం మండ" అంది. ఎవర్ని వదినా అన్నాను. "రాసినవాణ్ణి. పనిపిల్ల పావడా అంచుకి దుమ్ముందిట. బీరువా వెనక కూడా అదే దుమ్ముందిట. కాబట్టి అదే దొంగట! వీడు పుట్టి బుద్ధెరిగి ఒక్కనాడు చీపురు పట్టుంటే తెలిసేది. ఊడ్చేవాళ్ళ అంచుకి దుమ్ము కాక అత్తరంటుతుందా?" అని ఊగిపోయింది. అప్పటికింకా మా హాల్లో లేసు పోలేదు సుమా. పుస్తకం మీదే ఆ కోపమంతా. తెల్లారి ఆ అక్క విషయం జరిగేసరికి, మా వదిన ముఖం చూశాను. ఈవిడ ఏదో చేస్తుందిరా బాబూ అనుకున్నాను.

భోజనాలయ్యాయి. మిషన్లు ఆగాయి. వదిన కుర్చీలో కూర్చుని పుస్తకం తెరిచింది. సూపర్వైజరు ఏదో లెక్క చూస్తున్నట్టు నటిస్తూ వింటున్నాడు, ఆయనకి కూడా గొడుగాయనంటే పిచ్చి. అక్క ఒక మూల పీలికలు ఎత్తుతోంది. వదిన చదువుతోంది, చదువుతోంది. దొరసాని అరిచింది, పోలీసు మీసం తిప్పాడు, పనిపిల్ల ఏడ్చింది. పోలీసు దుమ్ము చూపించి, "ఇదిగో సాక్ష్యం" అన్నాడు. అక్కడ వదిన పేజీ తిప్పింది. తిప్పి, గొంతు ఏమాత్రం మారకుండా అందుకుంది. "అప్పుడు గొడుగాయన నవ్వాడు. అయ్యా ఇన్స్పెక్టరుగారూ, ఊడ్చేవాళ్ళ అంచుకి దుమ్ముంటే అది దొంగతనానికి గుర్తు కాదు, పని చేశారనడానికి గుర్తు. మీ బట్టల మీద దుమ్ము లేదంటే దానికి కారణం ఈ పిల్ల. ఇంతకీ ఈ గదికి తాళమేసేది ఎవరు?" అమ్మాయ్, ఉన్నవాళ్ళం ఉన్నట్టు సూదులు ఆపేశాం. తలకాయలు ఒక్కొక్కటే అటు తిరిగాయి, సూపర్వైజరు నడుం వైపు. ఆయనేమో చొక్కా అంచు కిందికి లాగి తాళాలు కప్పుకుంటున్నాడు! కొత్త పెళ్ళికూతురు గాజులు దాచుకున్నట్టు. ఇంతలో కమురు వాసన. ఇస్త్రీ ఆయన పెట్టె చొక్కా మీదే ఉంచేసి నోరు తెరుచుకుని వింటున్నాడు. అప్పుడు కటింగ్ మాస్టరు కత్తెర బల్ల మీద పెట్టి, ఎంత మర్యాదగానో అడిగాడు: "సూపర్వైజరుగారూ, మన స్టోరు తాళం ఎవరి దగ్గరుంటుందండీ?" మెట్ల మీద యజమాని ఎప్పుడొచ్చి నిలబడ్డాడో ఎవరూ చూడలేదు. ఆయన కూడా సూపర్వైజరు వైపే చూస్తున్నాడు, జవాబు కావాలన్నట్టు.

మర్నాడు పొద్దున్నకి లేసు దొరికింది. ఎక్కడ? అటక మీద. అటక మీదికి పడిపోయిందని సూపర్వైజరే తెచ్చి చూపించాడు. లేసు కిందనించి పైకి పడుతుందా అని ఎవరూ అడగలేదు. ఆయన బావమరిదికి బట్టల కొట్టుందని అందరికీ తెలుసు, అది కూడా ఎవరూ అనలేదు. అక్క పనిలోనే ఉంది. అయితే ఆయన ఊరుకుంటాడా? ఎక్కణ్ణించో ఆ పుస్తకం ఇంకొకటి సంపాదించి చదివాడు. ఊపుకుంటూ వచ్చి హాలు నడుమ నిలబడి, "అబద్ధం! ఇందులో అలా లేదు! దొంగ పనిపిల్లే! ఈవిడ మిమ్మల్నందర్నీ మోసం చేసింది!" అని అరిచాడు. నేను చచ్చాననుకున్నాను. కటింగ్ మాస్టరు కళ్ళజోడు పెట్టుకుని పుస్తకం అటూ ఇటూ తిప్పి చూసి, "మీరు కొన్నది నాసిరకం అచ్చయ్యుంటుందండీ. ఇలాంటివి మార్కెట్లో తెగ తిరుగుతున్నాయి" అన్నాడు. "అవునవును, మా చుట్టాలు కూడా ఇలాగే మోసపోయారు" అంది గుండీలు కుట్టే ఆవిడ. ఆవిడ చుట్టాల్లో చదువొచ్చినవాళ్ళే లేరు! ఆ రోజు కొందరు నిజంగా నమ్మారు, కొందరు నమ్ముదామని తేల్చుకున్నారు. ఇన్నేళ్ళయ్యాక ఇప్పుడు ఎవరు నమ్మారో ఎవరు తేల్చుకున్నారో వాళ్ళకే తెలీదు. అందుకే మీకు ఫోన్లు. వాళ్ళు అబద్ధమాడట్లేదమ్మా. వాళ్ళ చెవులతో విన్నారు.

వదిన కుర్చీ మాత్రం పోయింది. ఇక చదువులొద్దని యజమాని రేడియో తెచ్చి పెట్టాడు. గొడవ చేద్దామా అన్నాం. "ఉండండర్రా, అక్క చీపురు నిలిచింది, అది చాలు. కుర్చీకేం, కాళ్ళున్నాయి, ఎక్కడికైనా నడుస్తుంది" అంది. మళ్ళీ కాజాల్లో కూర్చుంది. కాజాలు దరిద్రంగా కుట్టేది, ఆవిడ తర్వాత నేను విప్పి మళ్ళీ కుట్టేదాన్ని. పైకి నవ్వేది గానీ, భోజనాలయ్యే వేళకి గొంతు సవరించుకునేది. సవరించుకుని ఊరుకునేది. అది నేను చూశాను, ఇంకెవరూ చూడలేదు.

ఇప్పుడు చెప్పు. నువ్వు చదువుకున్నదానివి, మీ ఆఫీసులో అందరూ చదువుకున్నవాళ్ళే. కాలం మార్చారు. గొడుగు తీసేశారు, కోటు మార్చారు, గుర్రబ్బండి పోయి కారొచ్చింది, ఉత్తరం పోయి ఫోనొచ్చింది. అన్నీ మార్చారు కదమ్మా, దొంగని మాత్రం ఎందుకు మార్చలేదు? వందేళ్ళ కిందటి మనిషికి అనుమానం పనిపిల్ల మీదికే పోయింది, మీకూ అక్కడికే పోయిందా? మరి కొత్తగా చేసిందేమిటి, జుట్టా? ...కోప్పడట్లేదులే. నాకు ఇలాంటి మాటలు రావు, ఇవన్నీ మా వదినవి. ...మూలానికి కట్టుబడాలా? అలాగే, కట్టుబడండి. నేను అడిగేది మీ ఆఫీసుని కాదు, నిన్ను. కింద వాటాలో ఆ అక్క ఉందన్నానే, ఆవిడ ఇప్పటికీ తన మనవలకి అదే చెబుతుంది: "నేనెవరో తెలీకపోయినా, పుస్తకాల్లో ఉండే అంత గొప్పాయన నా తరఫున మాట్లాడాడు" అని. మా వదిన మాట్లాడిందని తెలీదావిడకి. వదిన చెప్పనివ్వలేదు. మనిషి చేసిన సాయమైతే తలొంచుకు తిరుగుతుంది, పుస్తకం చెప్పిందనుకుంటే తలెత్తుకు తిరుగుతుంది అనేది. పోయిన వారం ఆ పిల్లని బండెక్కించినప్పుడు నా చెయ్యి పట్టుకుని, "కంగారు పడకు, వచ్చే వారం ఆయన విడిపిస్తాడు" అని నాకే ధైర్యం చెప్పింది. ప్రతివారం ఇక్కడికే వస్తుంది చూడ్డానికి. ఇవాళ కూడా...

అదిగో, మెట్ల మీద చప్పుడు. ఆవిడే. ఇంత తొందరగా బయల్దేరిందా! ఉండు, ఆ టీవీ వెనకాల వైరు ఏదమ్మా, ఎర్రదా నల్లదా? నల్లదేనా? ఊఁ, లాగేశాను. నువ్వు ఆ పుస్తకం సంచిలో పెట్టి పైన చున్నీ కప్పు. రా అక్కా, రా, మెల్లిగా. ఈ అమ్మాయా? టీవీ బాగుచేసే అమ్మాయి. పాడైపోయింది అక్కా, ఇప్పుడే. అబ్బే, ఇవాళ బాగవదట. లేదు లేదు, ఏడుపు ముఖం పెట్టకు, నాకు కథ తెలిసిపోయింది, వీళ్ళ దగ్గర ముందే ఉంటుందిగా, ఈ అమ్మాయి అంతా చెప్పింది. మొదటి నుంచీ చెబుతాను, కూర్చో. అమ్మాయ్, కాస్త జరుగు.