దుర్గం మీద ఆటల స్టేషన్

దుత్తలూరు కబడ్డీ పోటీలకు మైకులో కామెంటరీ చెప్పే మనిషిని వెతుక్కుంటూ కమిటీ తరఫున ముస్తాక్ ఉదయగిరి వచ్చి, షావలి టీ అంగట్లో కూర్చున్నాడు. ఆ సంగతి రేడియోలు బాగుచేసే ఓబులయ్య చెవిన పడింది. జన్మలో ఒక్కసారైనా మైకు ముందు మాట్లాడాలని ఆయనకు మహా ఆశ. కొట్టుకు తాళం కూడా వెయ్యకుండా వచ్చి, ముస్తాక్ ఎదురుగా బల్ల మీద చేరాడు. అక్కడ టీ తాగుతున్న మేమంతా కాస్త దగ్గరకు జరిగాం.

"కామెంటరీ నాకు కొత్తేం కాదు ముస్తాకూ. తొంభై మూడులో సొంతంగా రేడియో స్టేషనే నడిపినాను. పెద్దదేం కాదులే. పాత వాల్వు రేడియో ఒకటి విప్పి తిరగేసి బిగిస్తే, వినేది కాస్తా మాట్లాడేదైంది. మీడియం వేవ్‌లో, ఉత్త ఆటలకే. బస్టాండు దాకా వినపడితే చాలనుకున్నా."

"బస్టాండు నీ కొట్టు ఎదురే గదన్నా," అన్నాడు షావలి.

"నువ్వు గలాసులు కడుక్కో. ఏరియల్ కట్టేదానికి మనూళ్లో కొయ్య గరిటెలు చెక్కేవాళ్ల దగ్గర పొడుగాటి మాను తెచ్చి దుర్గం మీద నిలబెట్టినాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? నేనీడ దగ్గితే ఆత్మకూరులో డాక్టరు మందు రాసినాడు. సంగంలో వరి కోసే ఆడోళ్లు రేడియో లేకనే, కొడవలి చెవికి ఆనించుకొని స్కోరు విన్నారు."

"కొడవలికి బ్యాటరీ అక్కర్లేదా?" అని నా పక్కన కూర్చున్న పెంచలనరసయ్య అడిగాడు.

"ఇనుముగదా, అదే లాక్కుంటది. ఇది విను. ఒకనాడు మనకీ ఆత్మకూరుకీ కబడ్డీ. కూతకు పోయినోడు ఇంకా గీత దాటలా, నేను తొందరపడి 'ఇద్దర్ని తాకి తిరిగొచ్చినాడు' అనేసినా. రేడియోలో చెప్పేసినాక వాడికి తప్పుతుందా? ఇద్దర్ని తాకి తిరిగొచ్చినాడు. ఆడ నుంచి నేను ముందు చెప్పేది, వాళ్లు తర్వాత ఆడేది. రెఫరీ ఈల జేబులో పెట్టుకొని చెనిక్కాయలు తింటా కూర్చున్నాడు. అంతటితో ఆగిందా? షార్జాలో క్రికెట్, మనోళ్లు ఓడిపోతా ఉండారు. నేనీడ 'సిక్సర్' అన్నా. బాలు ఇంకా బౌలర్ చేతిలోనే ఉండాది. ఆ చేతిలో నుంచే ఎగిరి జనంలో పడింది. నాకు ఎక్కిళ్లొచ్చి ఆ మాట మళ్లీ మళ్లీ వచ్చిందా, మ్యాచ్ గెలిచేసినాం."

ముస్తాక్ నవ్వలేదు. నమ్మేశాడనుకొని ఓబులయ్యకు ఇంకా హుషారొచ్చింది.

"ఇంకేముంది, ఢిల్లీ కార్లు, లండన్ దొరలు వచ్చి స్టేషన్ అమ్మమన్నారు. ఓనరు ఒక్కడే, అది నేనే అన్నా. సగం వాటా ఇమ్మన్నారు. గాల్లో పొయ్యేదాన్ని సగానికి ఎట్టా కోస్తారన్నా. వాళ్ల పోరు పడలేక మాను నరికించి, గరిటెలు చేయించి ఊరంతా పంచేసినా. ఇప్పటికీ ఆ గరిటెతో పప్పు తిప్పితే స్కోరు వినపడతాది."

"మా ఇంటి గరిటె నిరుటి మ్యాచ్ దగ్గరే ఆగిపోయిందన్నా," అన్నాడు పెంచలనరసయ్య.

ముస్తాక్ గలాసు కింద పెట్టాడు. "ఓబులయ్యన్నా, ఇదంతా నిజమేనా?"

"ఒక్క ముక్క అబద్ధమైతే ఒట్టు."

"అదే నా బాధ. మాకు జరిగింది చెప్పేవాడు కావాల. నువ్వు చెప్తే జరుగుతాది. మా పిల్లోళ్లు ఏడాదంతా ఒళ్లు హూనం చేసుకొని ప్రాక్టీసు చేసినారు. నువ్వు మైకు పట్టుకుంటే వాళ్లకు ఆడే పనేముండాది? నిన్ను పిలవలేమన్నా."

ఓబులయ్య మొహం మాడిపోయింది. మాకే పాపమనిపించింది. "అబ్బే, ఊరికే అన్నాలే ముస్తాకూ," అంటూ ఆయన ముస్తాక్ చెయ్యి పట్టుకున్నాడు. "స్టేషనూ లేదు, మానూ లేదు. నేను మైకు ముట్టుకొనిందే లేదు. ఒక్కసారి మాట్లాడనీ."

ముస్తాక్ మెల్లగా చెయ్యి విడిపించుకొని లేచాడు.

"అయితే ఇంకెట్టిస్తామన్నా? లేనిది ఉన్నట్టు చెప్పేవాడికి మైకిస్తే, ఓడిపోయినోళ్లు గూడా కప్పు కోసం వచ్చి నిలబడతారు."