సూరమ్మ కడిగిన రీలు

రూబీ టీచరు ఫోటోనా? నా దగ్గరెక్కడిదే బిందూ! ఆ చాప మీద కూర్చో ముందు. బడి గోడకి పటం కట్టిస్తావా? మంచిదే. వట్లూరులో వాళ్ళింట్లో అడిగావా? ఇల్లమ్మేసి ఎటో పోయారా... అయ్యో. నీకప్పుడు నాలుగేళ్ళు. ముక్కు తుడుచుకోవడం రాదు గానీ కెమెరా నాకే ముందని ఏడ్చేదానివి. రెండువేల రెండో, మూడో, కొల్లేరు నిండుగా ఉన్న ఏడు. బస్సు దిగి దోనెక్కి మన లంకకొచ్చేది ఆ పిల్ల. నా కూతురి ఈడుది, బళ్ళో ఆయానైన నన్ను 'సూరమ్మగారూ' అనేది. అలా ఎవరంటారే?

ఒకరోజు వాళ్ళ నాన్నగారి పాత కెమెరా తెచ్చింది. పలక ఇచ్చినట్టే ఇద్దామండీ, పిల్లలు వేటిని చూస్తున్నారో మనకి తెలుస్తుంది అంది. పగలగొడతారమ్మా అంటే వింటేగా! మెళ్ళో తాడేసి, తలకొక్క నొక్కుడు. ఒక్కటే కదా, నొక్కేముందు ఎంతసేపు చూసేవారో! అన్నానికి పిలిచినా పలికేవారు కాదు. బళ్ళోకి గూడబాతులు నీళ్ళ మీద దిగే చప్పుడు వినపడేది. అందరూ కోడినీ పడవనీ తీస్తే నువ్వొక్కదానివే టీచర్ని తీశావు. ఆఖరి ఫోటో నీదే.

శుక్రవారం రీలు అలమరలో పెట్టి, సోమవారం దీన్ని భీమడోలు స్టూడియోలో కడిగించాలండీ అంది. కడగడానికి భీమడోలు దాకా ఎందుకూ, పళ్ళేలు కడిగేదాన్ని నేను లేనూ? శనివారం ఆ డబ్బా విప్పి, రీలంతా లాగి, కుంకుడు రసంతో మెత్తగా కడిగి దండెం మీద ఆరేశాను. మెచ్చుకుంటుందని రెండ్రోజులు ఎదురుచూశానే తల్లీ. నవ్వకు.

వచ్చి దండెం చూసింది. ఆరిన రీలు పట్టుకుని అటూ ఇటూ తిప్పింది. వెలుతురు తగిలితేనే ఫోటోలు పోతాయట, నాకేం తెలుసు? కాళ్ళ మీద పడబోతే పట్టుకుని, "తప్పు నాదండీ సూరమ్మగారూ, కడగడమంటే ఏంటో మీకు చెప్పలేదు నేను" అంది. ఫోటోలు పోయాయని మీ పిల్లలకి మాత్రం చెప్పలేదు. ఆ పాలిపోయిన రీలు ముక్కలుగా కత్తిరించి తలా ఒకటిచ్చి, కిటికీ దగ్గర ఎత్తి పట్టుకోమంది. నువ్వు తీసింది ఇందులో ఉంది, ఏం కనపడుతోందో చెప్పు అని అడిగింది. నీ పక్కన కూర్చునే ఉదయ్ కిరణ్, తన తాత పడవ కనపడుతోందని చెప్పాడు, అందులో నీళ్ళు తోడే డబ్బాతో సహా. ఆ వానాకాలమే జ్వరమొచ్చి పోయింది రూబీ. ఇరవై ఎనిమిదేళ్ళకే. ఆ ముఖం మనకి ఒక్కసారి చిక్కితే, ఈ చేతులే కడిగేశాయి. ఇన్నేళ్ళూ ఎవరితోనూ అనలేదే.

ఏంటీ? నీ రీలు ముక్కలో టీచర్ని చూశావా? లేదే పిచ్చిపిల్లా, అందులో ఏమీ లేదని చెబుతున్నాగా. నీలం చీరా? జడ ముందుకేసుకుని... చెంపకి సుద్ద అంటుకుని ఉందా? ఎడమ చెంపకేనా?

అవునే. రోజూ అక్కడే అంటుకునేది. నేనే తుడిచేదాన్ని.

మళ్ళీ చెప్పు. నెమ్మదిగా చెప్పు.