మిక్సీకెక్కిన ఉంగరం

"ఉంగరం పోయిందే! ఉంగరం కనపడల్యా!"

ఆ కేక వీధి చివర దాకా ఇనపడిందంట. అరిచింది ఎవరనుకున్నావ్? నేనే. మోచేతుల దాకా నల్లనూనె పూసుకుని, కారు ముందర నిలబడుకోని. నువ్వు ఇందాక అడిగితివే, "చిన్నాయనా, ఇంజనాయిలు మనమే మార్చుకోవచ్చా, నువ్వు మార్చినావంట కదా" అని, ఆ కథలోదే ఈ కేక. కాదు కాదు, కొంచెం ముందునించి చెప్తా, లేకుంటే నీకు తలాతోకా తెలీదు.

మా నాయన, అంటే మీ తాత, మగ్గం నేస్తా ఉండె కదా. మగ్గానికి నూనె పెట్టాలంటే కోడీక ముంచి, కీలు కీలుకీ ఒక్కో చుక్క. ఆ నూనె యాడికి పోతాది నాయనా అంటే, "నువ్వే చూడు" అని ఈక నా చేతికిచ్చేవాడు. ఆ పిచ్చి నాకు ఇంకా పోలేదమ్మీ. కారు కొని ఎనిమిదేండ్లాయె. సర్వీసుకిస్తే ఏం చేస్తారు? అద్దాల గదిలో కూర్చోబెట్టి కాఫీ ఇస్తారు. అద్దం అవతల ఎవరో నా బండి కింద దూరతాడు. వాడు చూసేది నేను చూడకూడదా? బండి నాదే కదప్పా!

అందుకని ఒక ఆదివారం పెట్టుకున్నా. మీ చిన్నమ్మ జయ వద్దంటానే ఉండె, "ఈ పొద్దే ఎందుకప్పా, వదినను తీసుకురావాల కదా" అని. మా అక్క, మీ పెద్దత్త, హొసకోటెలో ఉండాది కదా. కంటి ఆపరేషనై నెల దాకా గడప దాటలేదు. ఆ పొద్దే మొదటిసారి బయటికి రావడం. జయ చేతి దోసె, టెంకాయ చట్నీ తినాలని అడిగి మరీ చెప్పింది. పదకొండుకి వస్తానక్కా అని మాటిచ్చినా. ఏడుకి మొదలుపెడితే తొమ్మిదికి అయిపోతాదని నా ధైర్యం.

మొదట ఇంజను రెండు నిమిషాలు తిప్పి ఆపినా. గోరువెచ్చగుంటే ఆయిలు బాగా దిగుతాది. బండిని ఇనుప ర్యాంపుల మీదికి ఎక్కించి, వెనక చక్రాలకి అడ్డం పెట్టినా. ఇటుకరాళ్ళు పెట్టేవు సుమా, ఎప్పటికీ పెట్టొద్దు. కింద బోల్టు తీస్తే ఆయిలు జర్రుమని బేసిన్లోకి. అబ్బా, ఏం నలుపు! కాటుక కరిగించినట్టు. అది కారేదాకా పైన ఫిల్టరు పట్టినా. మన బండికి ఫిల్టరంటే ఇనుప డబ్బా కాదు. ప్లాస్టిక్ మూత తిప్పి తీస్తే లోపల వట్టి కాగితం. కాగితమే! చీర కుచ్చిళ్ళు పోసినట్టు మడతలు మడతలు. దాన్ని బయటికి తీసి ఎంతసేపు చూసినానో నాకే తెలీదు.

ఆ మూతకి నల్ల రబ్బరు ఉంగరం ఒకటి ఉంటాది. స్పేర్ల అంగడాయన ఓరింగు అన్నాడు, నేను ఉంగరం అనే అంటా. పాతది తీసి కొత్తది ఎక్కించాల. అది సరిగ్గా కూర్చోకుంటే ఆయిలంతా బయటికి కక్కి ఇంజను పట్టేస్తాది. పాతది తీస్తిని. తీసి ఊరికే ఉంటినా? ఇన్నేండ్లు వేడిలో ఉండాది, లోపల కూడా గట్టిపడిందేమో అని కత్తితో కోసి చూస్తిని. చూసి, సంతోషపడి, కొత్త ఉంగరం కోసం పక్కనుండే కాంపౌండు గోడ మీద చెయ్యి పెడితే... లేదు. పేపరు పరిచి అన్నీ వరసగా పెట్టింటి. కొత్త ఫిల్టరు కాగితం ఉండాది, ఉంగరం లేదు. ఆదివారం, స్పేర్ల అంగళ్ళన్నీ మూత.

అప్పుడు పెట్టినా కేక.

ఎదురింటి కన్నడం ముసలామె, మేమంతా అజ్జి అంటాం, "ఉంగుర కళెదోయ్తంతె!" అని, అంటే పోయిందంట అని అందుకునె. వాళ్ళ కన్నడంలోనూ అదే మాట కదా, వీధంతా బంగారం అనుకున్నారు. అజ్జి పొరకతో గేటు దగ్గర ఊడ్చడం, ఒకరు ఫోను లైటేసుకుని మోరీలో చూడడం. వాచ్‌మన్ నా చెయ్యి పట్టుకుని, "సార్, ఉంగరం మీ వేలికే ఉండాది కదా!"

"ఇది కాదప్పా! రబ్బరుది, నల్లది!"

"రబ్బరు ఉంగరానికా ఈ అరుపు!" అని అజ్జి కన్నడంలోనే తిట్టి, పొరక ఆడ్నే పారేసి పోయె.

సరిగ్గా అప్పుడు వంటింట్లో మిక్సీ ఆగింది. జయ బయటికొచ్చింది, మొహమంతా నవ్వు. "రెండు నెలలుగా మొత్తుకుంటా ఉంటిని, చట్నీజారు మూతకి రబ్బరు తెమ్మని. తెచ్చి, చెప్పకుండా గోడ మీద పెట్టినావే! కాఫీ ఇచ్చేకొస్తే కనపడె. అచ్చం సరిపాయప్పా, ఒక్క బొట్టు చిందలా."

ఆ మొహం చూస్తే నిజం చెప్పబుద్ధి కాలా తల్లీ. ఆ జారు రబ్బరు మాటే మరచిపోయింటి కదా, రెండు నెలలూ. గమ్మునుండి పోదామనుకున్నా. ఇంతలో ఫోను. అక్క. "బయలుదేరినావా తమ్ముడా? నేను వాకిట్లోనే కూర్చోనుండా."

"జయా... అది కారుదే."

జయ గిర్రున వెనక్కి తిరిగె. లోపలికి పోయి, మూతలోనించి గోటితో ఉంగరం లాగి, కడిగి, కొంగుతో తుడిచి నా చేతిలో పెట్టె. "కారుకేం కావాలో మాత్రం బాగా గుర్తుంటాది నీకు." అంతే.

ఉంగరం వెలుతుర్లో పెట్టి చుట్టూ చూసినా, గాటు లేదు. టెంకాయ వాసన మాత్రం ఉండాది. కొత్త ఆయిలు వేలితో పూసి, గాడిలో కూర్చోబెట్టి, కొత్త కాగితం లోపల పెట్టి, మూత ముందు చేత్తో, తర్వాత పానాతో గుర్తు దాకా, అంతకంటే బిగించకుండా తిప్పినా. కింద బోల్టుకి కొత్త రాగి వాషరు. ఆయిలు పోసి, స్టార్ట్ చేసి, బండి ముందర వంగి చూస్తా ఉంటి. ఒక్క చుక్క లేదు. ఆపి, బండిని ర్యాంపుల మీదనించి దించి, కాసేపు చూసి, ఆయిలు కొలిచే పుల్ల ముంచితే గుర్తు దగ్గర తేనె రంగు! పాత ఆయిలు క్యాన్లో పట్టి గ్యారేజీ వాళ్ళ డ్రమ్ములో పొయ్యాలని పక్కన పెట్టినా. మోరీలో పొయ్యకూడదు, తెలుసు కదా.

హొసకోటె చేరేసరికి పన్నెండున్నర. అక్క నల్ల అద్దాలు పెట్టుకుని, సంచి ఒళ్ళో పెట్టుకుని అట్లే ఉండాది. దారిలో అంతా చెప్తిని. నవ్వి నవ్వి, పాత్రల అంగడి ముందర బండి నిలపమనె. అంగడాయన రబ్బర్ల గుత్తి తీసి, "ఏ సైజు?" అన్నాడు.

"ఒరే, పెండ్లాం జారు సైజు కూడా తెలీదా?" అనింది అక్క.

జేబులో చెయ్యి పెడితే ఏం దొరికిందో చెప్పు? నేను కోసిన పాత ఉంగరం! కొసలు రెండూ కలిపి, బల్ల మీద పెట్టి, దానికి సరిపోయేది ఏరినా. రెండు తెచ్చినా.

ఇంటికొచ్చేసరికి రెండున్నర. జయ రబ్బరు మూతలో పెట్టి నొక్కి చూసె. సరిపాయె. ఆకులేసె. అలిగిన అజ్జిని కూడా పిలుచుకొచ్చె. అక్క చట్నీ నాలుక్కి తగిలించి, "ఏం వేసినావే జయా, ఈ పొద్దు వేరేగా ఉండాది?"

జయ నా వైపు చూడకుండానే, "ఇంజను ఉంగరం వదినా" అనె.

అక్కకి పొలమారె. అజ్జికి ఎవరో కన్నడంలో చెప్తే ఆమె కూడా నవ్వె. నేను నోట్లో దోసె పెట్టుకోని మింగలేక, కక్కలేక. నువ్వు కూడా మార్చుకోమ్మీ, నీ బండి, నీ చేత్తోనే, చల్లగా ఉండు. ఉంగరం మాత్రం జేబులో పెట్టుకో. ఆఁ, ఏం చెప్తా ఉంటి... జయ నా ఆకులో ఇంకో గరిటె చట్నీ వేసి, గిన్నె కింద పెట్టి, ఎప్పుడూ అందరూ తిన్నాక తినేది కదా, ఆ పొద్దు నా పక్కనే ఆకేసుకుని కూర్చునె.