క్లబ్బు వాళ్ల నంబరు

పర్చూరు బస్టాండు పక్కన నజ్మీన్ నెట్ సెంటరు. సుబ్బరావమ్మ స్టూలు అంచున కూర్చుంది. కంప్యూటరులో ఏముందో ఆమెకు అంతుపట్టదు, నజ్మీన్ మొహమే చూస్తోంది. కొడుకు కోటేష్ గుమ్మంలో నిలబడ్డాడు.

"నంబరు లేదా అమ్మాయ్?"

"పేర్లున్నాయి పెద్దమ్మా. సరదాకి వైర్‌లెస్ సెట్లలో మాట్లాడుకునే రేడియో క్లబ్బు ఇది. నలభై మంది సభ్యులున్నారు. ఫోన్ నంబర్ల దగ్గర మాత్రం చుక్కలు పెట్టారు."

"చుక్కలెందుకే?"

"మోసగాళ్ల చేతిలో పడకూడదని."

"నేను మోసగత్తెనా? తీసెయ్యవే ఆ చుక్కలు."

"నా చేతిలో లేదు పెద్దమ్మా."

"అమ్మా, పద. మబ్బు పట్టింది. కల్లంలో మిరపకాయలన్నీ పరిచి ఉన్నాయి."

"తడిస్తే తడవనీ. మూడేళ్లకి మీ నాన్న మొహం ఈ వీడియోలో కనబడితే, కాయలంటాడు వీడు."

"నాన్నేనని ఎట్లా చెబుతావు? ఆ గడ్డం, ఆ వాలకం..."

"కట్టుకున్నదాన్నిరా. గడ్డం చూసి గుర్తుపడతానా? చెంబెత్తి కళ్లు మూసుకుని నోట్లో నీళ్లు పోసుకోవడం చూడు. ఇంకోసారి పెట్టమ్మాయ్."

"పెడతా. 'ఈ పెద్దాయన ఒడిశాలో ఒక ఆశ్రమంలో ఉన్నాడు. తెలుగు మాట్లాడుతున్నాడు. తెలిసినవాళ్లు మా క్లబ్బు సభ్యులకు ఫోన్ చేయండి.' అంతే. ఏ సభ్యుడికో, ఏ నంబరుకో వేయలేదు."

"అదీ వరస. చేస్తే ఓటీపీ అడుగుతారు. అంతా ఫేకు."

"ఫేకు కాదన్నా. జాతర్లలో తప్పిపోయినవాళ్లను వీళ్లు ఇళ్లకు చేరుస్తారంట. వీడియో మాత్రం పోయిన దసరాది."

"చూశావా? అయిదు నెలలు. ఇంకా అక్కడే కూర్చుంటాడా?"

"కూర్చోకపోతే ఎటు పోయాడో చెబుతారుగా."

"అసలు పెదనాన్న ఎట్లా తప్పిపోయాడు పెద్దమ్మా?"

"మతిమరుపు మనిషి. మిర్చి టిక్కీ బస్తాలు వేసుకుని వీడితోనే గుంటూరు యార్డుకి పోయాడు. టీ తాగొస్తానని లేచాడంట. అంతే."

"ఎన్నిసార్లు చెబుతావమ్మా అది?"

"నీ పెళ్లి పత్రికలో ఆయన పేరు ముందు 'కీర్తిశేషులు' అని నువ్వు వేయించినన్ని సార్లు. అయిదొందల పత్రికలు."

"పెళ్లికూతురు శ్రీరమ్య వాళ్లకి ఏం చెప్పమంటావు? మతిలేక ఊళ్లు పట్టుకు తిరుగుతున్నాడనా? సంబంధం లేచిపోయేది."

"నిజం చెప్పమన్నా."

"నిజం ఎవరికి కావాలి?"

"ఆగండాగండి, నెట్లో పాత కాగితం ఒకటి దొరికింది. పొన్నూరు బళ్లో ఈ క్లబ్బు వాళ్లు క్యాంపు పెట్టినప్పటిది. మూడు నంబర్లు, చుక్కల్లేకుండా!"

"కొట్టవే, కొట్టు."

"మొదటిది అసలు లేదంట. రెండోది... ఎవరో హిందీలో తిడుతున్నాడు."

"తిట్టనీ. మూడోది?"

"రింగవుతోంది."

"అమ్మా, నేను బండి తీస్తున్నా."

"కదిలావంటే చూడు."

"హలో, జాన్ బాషా గారాండీ? ఒక్క నిమిషం, స్పీకర్లో పెడుతున్నా. మాట్లాడు పెద్దమ్మా."

"బాబూ, పర్చూరు నుంచయ్యా. మీ వీడియోలో నీళ్లు తాగే పెద్దాయన భార్యని."

"ఆయనా! ఆశ్రమం నుంచి మా వాళ్లు వైర్‌లెస్ సెట్లో కలిపితే ఆయనతో తెలుగులో మాట్లాడింది నేనేనమ్మా. ఇన్నాళ్లకి చేశారేంటి?"

"ఇవాళే చూశానయ్యా. ఎట్లా ఉన్నాడు? తింటున్నాడా?"

"సంక్రాంతి ముందు దాకా బాగానే ఉన్నాడమ్మా. ఇక ఎవరూ రారని తెలిశాక, ఒకరోజు గేటు దాటి వెళ్లిపోయాడు. మా వాళ్లు ఇంకా వెతుకుతూనే ఉన్నారు."

"ఎవరూ రారని ఎవరు చెప్పారయ్యా?"

"ఆయన దగ్గర కవర్లో మిర్చి యార్డు చీటీ ఒకటి మడిచి ఉంది. దాని మీదున్న రైతు నంబరుకి నేనే మూడుసార్లు చేశా. మూడుసార్లూ ఒక కుర్రాడే ఎత్తాడమ్మా. మా నాన్న చచ్చిపోయాడు, మళ్లీ చేయొద్దన్నాడు."

"అమ్మా... పెళ్లి కానిచ్చి, తర్వాత తీసుకొద్దామనే..."

"బాబూ, ఫోన్ పెట్టెయ్యమాక. ఆ కుర్రాడు ఇక్కడే, నా పక్కనే ఉన్నాడు. నాలుగోసారి అడుగు."